గోటి తలంబ్రాలు, రామకోటి పుస్తకాలు: మా మామ్మ గురించి, మీ ఇంటి పెద్దవాళ్ల గురించి

కోనసీమ_అరుగు

అందరికీ నమస్కారం. మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, మాఘమాసంలో పోయింది. ఎనభై నాలుగేళ్లు. మంచం పట్టకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా తీసుకుపో తండ్రీ అని రోజూ దణ్ణం పెట్టుకునేది. అలాగే వెళ్లింది. పెద్దకర్మ అయ్యాక పెట్టె సర్దుతుంటే ఆవిడ రామకోటి పుస్తకాలన్నీ బయటపడ్డాయి. వాటి విషయంలో ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. సలహా అడుగుదామని వచ్చాను. ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి.

మాది కోనసీమలో చిన్న పల్లె. కొబ్బరితోట, కొంచెం వరి, పాడి. మామ్మ కాపురానికి వచ్చేనాటికి పదిహేనేళ్లు. ఇంట్లో అత్తగారు, మరుదులు, పెళ్లికావాల్సిన ఆడపడుచులు. తర్వాత తన పిల్లలు అయిదుగురు. మాకు పూజగది అంటూ ఎప్పుడూ లేదు. వంటింటి గోడకు చెక్క అర, దాని మీద సీతారాముల పటం, అంతే. అన్నం గిన్నె పొయ్యి మీంచి దించగానే మూత తీసి ఒక తులసాకు వేసి పటానికి చూపించేది. ఆ తర్వాతే మాకు వడ్డన. ఆకలేస్తోందని పిల్లలం ఎంత గోలచేసినా ఆ ఒక్క క్షణం ఆగాల్సిందే.

ఆవిడ భక్తి ఎక్కువగా చేతుల్లోనే కనిపించేది. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి గోదావరి జిల్లాల నుంచి గోటి తలంబ్రాలు వెళ్తాయని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కోరుకొండ వైపు భక్తులు విత్తనాలకు భద్రాద్రి రాముడి దగ్గర పూజ చేయించి తెచ్చి, వానర వేషాలు కట్టి నాట్లు వేసి, పండిన వడ్లను ఊరూరా పంచుతారు. ఆ వడ్లకు రోకలి తగలకూడదు, మర తగలకూడదు. గోటితోనే ఒలవాలి. మామ్మ తన వాటా వడ్లను పాత బోర్న్‌విటా డబ్బాలో పోసుకుని, మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద పీట వేసుకుని కూర్చునేది.

గింజను ఎడంచేతి రెండువేళ్ల మధ్య పట్టుకుని, కుడిచేతి బొటనగోటితో మొన దగ్గర చిన్నగా నొక్కాలి. పొట్టు చీలుతుంది. అప్పుడు నెమ్మదిగా విప్పాలి. తొందరపడితే గింజ విరుగుతుంది, విరిగింది కల్యాణానికి పనికిరాదు. విరిగినవి ఒక చిప్పలో వేసి సాయంత్రం పిచ్చుకలకు చల్లేది. పొట్టు మొన గోటి సందులో దిగితే ప్రాణం చివుక్కుమంటుంది. నేను ఒలిచి చూశాను కాబట్టి చెబుతున్నాను, పది గింజలకే వేలు మండుతుంది. ఆవిడ రాత్రి పడుకునేముందు వేళ్ల చివర్లకు కొబ్బరినూనె రాసుకుని మర్నాడు మళ్లీ కూర్చునేది. పెదవుల మీద రామ రామ. మధ్యలో పాలవాడు వస్తే లెక్క చెప్పేది, పులుసు పొంగుతోందని అమ్మను కేకేసేది, మళ్లీ రామ రామ.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను వచ్చింది, దీపావళికి కొద్దిరోజుల ముందు. తోటలో సగానికి పైగా చెట్లు పడిపోయాయి, పెంకులు లేచిపోయాయి. తెల్లారేసరికి చుట్టుపక్కల పాకలవాళ్లంతా పిల్లాపాపలతో మా అరుగు మీద ఉన్నారట. మామ్మ గాదెలోకి దిగి తడవని ధాన్యం ఎంతుందో చూసుకుని, తాతయ్యను అడక్కుండానే పెద్ద గంగాళం ఎక్కించింది. ఆయన "రేపటి నుంచి మన సంగతేంటి" అంటే, "పొయ్యి వెలిగించేశాను కదండీ, ఇప్పుడడిగితే ఎలా" అందట. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆ గంగాళం దిగలేదని మా అత్తయ్య చెబుతుంది.

ఇప్పుడు పుస్తకాల సంగతి. రామకోటి గళ్ల పుస్తకాలు, గడికి ఒక శ్రీరామ. అయితే మామ్మ పుస్తకాల్లో పక్కన వదిలిన ఖాళీలో చిన్న అక్షరాలతో ఇంటి విషయాలు కూడా ఉన్నాయి. "పెద్దోడికి టైఫాయిడ్, 9వ రోజు." "దింపు 620 కాయలు, డబ్బు శనివారం ఇస్తానన్నాడు." "ఆవు కట్టింది." ఒక పేజీలో "కోడలికి నొప్పులని కబురు" అని ఉంది. దాని కింద రెండు వరసలు శ్రీరామ వంకరటింకరగా ఉంది. ఆ తర్వాత "ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం." ఆ ఆడపిల్లను నేనే.

ఆఖరి పుస్తకం సగంలో ఆగింది. ఆవిడ మొక్కు ప్రకారం అన్నీ భద్రాచలంలో సమర్పించాలని బాబాయి అంటున్నారు. ప్రాణం పోయినా ఇవ్వనని అత్తయ్య అంటోంది. మీ ఇళ్లలో ఇలాంటివి ఏం చేశారు?

బెజవాడ_గట్టు

అక్కా, మీ మామ్మగారికి నమస్కారాలు. మా అమ్మమ్మ లలితా సహస్రనామం పుస్తకం నా దగ్గరుంది. అట్ట ఊడిపోయి, పేజీలకు పసుపు అంటుకుని ఉంది. కార్తీకమాసం మొత్తం తెల్లవారుజామున కృష్ణలో స్నానం చేసి, అరటిదొప్పలో దీపం వదిలి వచ్చేది. ఎముకలు కొరికే చలిలో మమ్మల్ని కూడా లేపేది. అప్పుడు విసుక్కునేవాళ్లం. ఇప్పుడు మా ఆవిడ, పిల్లలు అడిగి మరీ వెళ్తున్నారు. పుస్తకాలు ఇవ్వాలో వద్దో నాకు చెప్పడం చేతకాదు కానీ, ఆ పక్కన రాసిన మాటలు మాత్రం పోగొట్టుకోవద్దు.

మెతుకుసీమ

మాది మెదక్. మేము క్రైస్తవులం. ఇక్కడ రాయొచ్చా అని ఆలోచించి, మీ పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా నాయనమ్మ మీ మామ్మ వయసుదే, రెండేళ్ల క్రితం పోయింది.

మెదక్ చర్చి మీకు తెలుసు కదా. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి కూడు పెట్టాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించాడు. 1924 డిసెంబరు 25న ఆరాధన మొదలైంది. మా నాయనమ్మ వాళ్ల అమ్మ ఆ కట్టుబడిలో మట్టి మోసింది. కూలి కింద గింజలు ఇచ్చేవారని, సాయంత్రం కొంగులో మూటకట్టుకుని వస్తే ఇంట్లో పొయ్యి వెలిగేదని నాయనమ్మ మాతో ఎన్నిసార్లు చెప్పిందో. అందుకే ఆమెకు ఆ గుడి అంటే అంత ఇది. లోపల యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించే రంగుటద్దాల కిటికీలు ఉంటాయి. పగటి వెలుతురు ఉంటేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి, రాత్రి లోపలి నుంచి చూస్తే ఏమీ తెలియదు. మమ్మల్ని ఎండ బాగా ఉన్న పూటే తీసుకెళ్లి, ఒక్కో అద్దం ముందు నిలబెట్టి కథ చెప్పేది.

ఆమెకు బడి చదువు లేదు. పెళ్లయ్యాక బైబిలు చదవాలన్న పట్టుదలతోనే అక్షరాలు నేర్చుకుంది. చివరిదాకా వేలు పెట్టి, కూడబలుక్కునే చదివేది. కీర్తనలు మాత్రం పుస్తకం అక్కర్లేకుండా అన్ని చరణాలూ పాడేది. వరినాట్లలో వంగినప్పుడు ఆమె ఎత్తుకుంటే పక్క మడిలో వాళ్లు, ఏ మతంవాళ్లైనా సరే, అందుకునేవారట.

మా ఇళ్లలో పిడికెడు బియ్యం అని ఉంటుంది. రెండుపూటలా వండేముందు ఎసట్లో పోసే బియ్యం నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం అది చర్చికి, అక్కడి నుంచి లేనివాళ్లకు. మా ఇంట్లో కూడా లేని రోజులు ఉండేవి. మా నాన్న చిన్నప్పుడు "మనకే చాలట్లేదు, ఇవాళ్టికి మానేయమ్మా" అంటే, నాయనమ్మ తన వాటాలోంచి తగ్గించుకుంది తప్ప ఆ కుండలో వేయడం మానలేదు. ఆయన ఇప్పటికీ ఈ మాట పూర్తిగా చెప్పలేడు, గొంతు పట్టేస్తుంది.

ఆమె బైబిలు మా దగ్గరే ఉంది. మొదటి తెల్లకాగితం మీద మా అందరి పుట్టిన తేదీలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, పోయినవాళ్ల తేదీలు ఆమె చేతిరాతతో ఉన్నాయి. ఆమె తేదీ మా నాన్న రాశాడు. మీ అత్తయ్యగారి బాధ నాకు బాగా అర్థమైంది.

కోనసీమ_అరుగు

మెతుకుసీమ గారూ, రాయొచ్చా అని అడగాల్సిన పనే లేదు. మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. పిడికెడు బియ్యం దగ్గర ఆపించి మళ్లీ చదవమంది. రంగుటద్దాల ముందు నిలబెట్టి కథ చెప్పడం గురించి ఇంకా రాయండి, వీలున్నప్పుడు.

ఓరుగల్లు_బిడ్డ

మా బాపమ్మకు గుళ్లు, పుస్తకాలు ఏమీ తెలియవు. ఆమెకు దేవతలంటే సమ్మక్క, సారలమ్మ. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం. ఆ మధ్యలో వచ్చే ప్రతి కష్టం, ప్రతి సంతోషం మేడారం లెక్కలోనే చెప్పేది. మా చిన్నాయన పుట్టింది ఫలానా జాతరకు ముందు, బర్రె చచ్చిపోయింది ఫలానా జాతర తర్వాత, ఇట్లా.

మా నాయన చిన్నప్పుడు బతకడని అన్నారట. బతికితే ఎత్తు బంగారం ఇస్తానని బాపమ్మ మొక్కుకుంది. తెలియనివాళ్లకు చెబుతున్నా, అక్కడ బంగారం అంటే బెల్లం. మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి తూకానికి సరిపడా బెల్లం అమ్మవార్లకు ఇస్తారు. అప్పుడు మా వాళ్ల దగ్గర అంత బెల్లానికి డబ్బులెక్కడివి? కూలికి వెళ్లిన ఇంట్లో పత్తి ఏరి, మిరప ఏరి కూడబెట్టింది. ఎడ్లబండ్లు కట్టుకుని, దారిలో అడవిలో రాత్రి వండుకు తిని, జంపన్నవాగులో తానమాడి గద్దెల దగ్గరికి పోయారు. నాయన బరువు తక్కువ ఉంటే బెల్లం తక్కువ పడుతుందని ఎవరో అన్నారట. బాపమ్మకు కోపం వచ్చి, ఇంకో ముద్ద ఎక్కువ పెట్టించింది. బిడ్డ బరువు పెరగాలనే కదా మొక్కింది!

నేను ఆమెతో వెళ్లేనాటికి బస్సులు వచ్చాయి. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే వేళ ఆ జనంలో నా చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. అంత సన్నటి మనిషి, ఆ పట్టు ఎక్కడిదో. కోయ పూజారి కుంకుమ భరిణెతో దిగుతుంటే డోలు చప్పుడుకు ఒళ్లు జలదరించింది. ఆమె ఏమీ అడగలేదు. "వచ్చిన తల్లీ, పిల్లలను తోల్కొచ్చిన" అంది, అంతే. మిగతావాళ్లంతా కోరికలు చెప్పుకుంటుంటే ఈమె మా పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది.

బాపమ్మ రాత తెలియని మనిషి. మాకు మిగిలింది మొక్కులకు దాచుకున్న గుడ్డసంచి ఒక్కటే. ఒక చిన్న ఆడియో అయినా తీసిపెట్టుకోలేదే అని బాధ. పెద్దవాళ్లు ఉన్నవాళ్లు దయచేసి ఈరోజే ఫోన్‌లో రికార్డు చేయండి.

దివిసీమ_అమ్మాయి

అందరివీ చదివాను, మనసు నిండింది. అయినా ఒక మాట అనాలని ఉంది, తప్పుగా తీసుకోకండి.

మా నాయనమ్మ ఇరవై ఆరేళ్లకే భర్తను పోగొట్టుకుంది. అప్పటినుంచి మడి, ఒంటిపూట భోజనం, ఏకాదశి ఉపవాసాలు. ఆమె భక్తి గురించి ఊరంతా గొప్పగా చెప్పుకునేవారు. నాకు మాత్రం గుర్తున్నది వేరు. మా పెద్దత్త పెళ్లిలో, తను కని పెంచిన కూతురి పెళ్లిలో, నాయనమ్మ వంటింటి తలుపు చాటున నిలబడింది. తలంబ్రాల బియ్యం కలిపింది ఆమె. అక్షింతలు వేయడానికి మాత్రం ఎవరూ పిలవలేదు. ఎవరూ తప్పనుకోలేదు కూడా. ఆమె చేసినవన్నీ ఇష్టంతో చేసిందా, చేయక తప్పక చేసిందా? పోయాక అందరం దేవత అంటాం. ఉన్నప్పుడు నీకేం కావాలని అడిగినవాళ్లు ఎవరు? మామ్మగారిని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆ పుస్తకాల పక్కన ఆమె తనకోసం రాసుకున్న మాట ఒక్కటైనా ఉందా? అది చూడండి.

రాజమండ్రి_పిన్ని

అమ్మాయీ, నీ మాటలో తప్పేం లేదు. నాకు అరవై ఎనిమిదేళ్లు, ఇవన్నీ కళ్లారా చూసినదాన్ని. తలుపుచాటు సంగతి చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

కానీ ఇంకో సంగతి కూడా చూశాను. ఆ రోజుల్లో ఆడది ఊరికే బయటకు వెళ్తానంటే వంద ప్రశ్నలు. పురాణం వినడానికి వెళ్తానంటే మాత్రం ఎవరూ ఆపేవారు కాదు. మా అమ్మ సాయంత్రం పని ముగించుకుని హరికథకు వెళ్లేది. అక్కడ స్నేహితురాళ్లు ఉండేవారు. పుట్టింటి కబుర్లు, కోడళ్ల కబుర్లు, ఎవరింట్లో ఏ కష్టమో, ఎవరికి చేబదులు కావాలో, అన్నీ ఆ గుడి మంటపంలోనే తేలేవి. పుష్కరాలు వస్తే పదిమంది ఆడవాళ్లు కలిసి బండెక్కేవారు, మగాళ్ల తోడు లేకుండా. మా అమ్మ తన మొత్తం జీవితంలో తనంతట తాను నిర్ణయించుకుని చేసిన ప్రయాణాలన్నీ తీర్థయాత్రలే. అందుకని అది ఇష్టమా, తప్పనిసరా అని విడదీయడం నావల్ల కాలేదమ్మా. రెండూ ఆమెలోనే ఉన్నాయి.

అక్షింతలు వేయించకపోవడం మాత్రం అన్యాయమే. మా ఇంట్లో నా కొడుకు పెళ్లికి మా అమ్మ చేతే మొదటి అక్షింతలు వేయించాను. పురోహితుడు కూడా అడ్డు చెప్పలేదు. చెప్పినా విని ఉండేదాన్ని కాదు.

అనంత_జొన్నరొట్టె

మా అవ్వ సంగతి చెప్తాను. మేము హిందువులం, రైతులం. మా అవ్వ ఇష్టదైవం గూగూడు కుళ్లాయస్వామి. అనంతపురం జిల్లా నార్పల మండలం, మొహర్రంకు పీర్లపండగ పెద్ద ఎత్తున జరుగుతుంది. కర్ణాటక నుంచి కూడా వస్తారు. మా వైపు ఇళ్లలో కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అనే పేర్లు మతంతో పనిలేకుండా ఉంటాయి. మా నాయన పేరు కూడా అదే.

పీర్లు కూర్చున్న నాటి నుంచి అవ్వ ఒక్కపొద్దు ఉండేది. చక్కెర చదివించి తెచ్చి కాగితంలో పొట్లాలు కట్టి వీధిలో ప్రతి గడపకూ ఇచ్చేది. ఇంటికి రాగానే పక్కనే ఆంజనేయస్వామి గుడిలో కొబ్బరికాయ. గూగూడులో కూడా ఆంజనేయుడి గుడి ఉంది కదా, ఆమెకు ఇద్దరూ ఒక ఊరి పెద్దల మాదిరే. అగ్నిగుండం తొక్కేరోజు రాత్రంతా మేలుకునేది.

వాన రాని ఏడాది అవ్వ అందరికంటే ముందు లేచి ఆకాశం చూసేది. వేరుశనగ ఎండిపోయినా పండగకు చక్కెర తగ్గించలేదు. అప్పుచేసి దేవుడికి పెట్టడం నాయనకు నచ్చేది కాదు, ఇద్దరికీ గట్టి మాటలే జరిగేవి. నేను ఇప్పుడు బెంగళూరులో ఉంటాను. పండగకు సెలవు దొరకని ఏడు నా తరఫున చెల్లెలు చక్కెర పంచుతుంది.

డాలస్_తెలుగమ్మాయి

నేను మా అమ్మమ్మ ఆఖరి చూపుకు రాలేకపోయాను. వీసా స్టాంపింగ్ టెన్షన్‌లో ఉండి కదలలేని పరిస్థితి. వీడియో కాల్‌లో చూశాను. అందుకే మీ అందరి పోస్టులూ ఒక్క అక్షరం వదలకుండా చదివాను.

కోనసీమ అక్కా, పుస్తకాలు ఇచ్చినా ఇవ్వకపోయినా ముందు ప్రతి పేజీ స్కాన్ చేయించండి. ఫోన్‌తో తీస్తే పగటి వెలుతురులో, కిటికీ పక్కన, నీడ పడకుండా తీయాలి. పుస్తకం నంబరు, పేజీ నంబరు ఫైలు పేరులో పెట్టండి. లేకపోతే తర్వాత ఏది ముందో తెలియదు. పాత బాల్‌పెన్ ఇంకు వెలిసిపోతుంది, ఆలస్యం చేయొద్దు. తీసినవి పంపితే పక్కన ఉన్న మాటలన్నీ నేను టైప్ చేసి పెడతాను. నిజంగా చేస్తాను, నాకు ఆ పని కావాలి.

భద్రాద్రి_వాసి

నేను భద్రాచలంలో పుట్టి పెరిగినవాణ్ణి. రామకోటి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేసి సమర్పించేవాళ్లను చిన్నప్పటినుంచి చూస్తున్నాను. కొందరు పోయినవాళ్ల పుస్తకాలు కూడా తెస్తారు. అప్పగించాక మెట్లు దిగుతూ వెనక్కి చూసుకుంటూ వెళ్తారు. తొందరేం లేదు. ఏ ఏడు తెచ్చినా రాముడు అక్కడే ఉంటాడు.

గోటి తలంబ్రాల గురించి కూడా చెప్పాలి. నవమి నాడు మిథిలా స్టేడియంలో అభిజిత్ లగ్నంలో కల్యాణం. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. తానీషా కాలం నుంచి వస్తున్న ఆచారం అది. మా తలంబ్రాలు ఎర్రగా ఉంటాయి, గులాల్ కలపడం వల్ల. ఆ రోజు టీవీలో అందరూ ముత్యాలను చూస్తారు. నేను మాత్రం ఊళ్ల నుంచి నెత్తిన మోసుకొచ్చే గోటి తలంబ్రాల కుండల కోసం చూస్తాను. మీ మామ్మగారి బియ్యం ఆ కుండల్లో నా కళ్లముందు నుంచే వెళ్లి ఉంటుంది. ఈమధ్య తెలంగాణ ఆర్టీసీ కార్గోలో బుక్ చేసుకుంటే తలంబ్రాలు ఇంటికే వస్తున్నాయి. రాలేనివాళ్లు చూసుకోండి.

మా నాయనమ్మ గురించి ఒక్క ముక్క. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు వచ్చింది. ఊరు మునిగింది. అందరూ సామాన్లు ఎత్తిపెట్టుకుంటుంటే ఆమె పక్కింటి బాలింతను, పసిబిడ్డను వెంటబెట్టుకుని ఎత్తుకు వెళ్లిపోయింది. తన ట్రంకుపెట్టె నీళ్లపాలైంది. అందులో పెళ్లిచీర ఉంది. ఆ బిడ్డ పెళ్లికి మా నాయనమ్మకు చీర పెట్టి కాళ్లకు దణ్ణం పెట్టారు.

కోనసీమ_అరుగు

దివిసీమ గారూ, మీ ప్రశ్న చదివాక నాకు నిద్రపట్టలేదు. అత్తయ్య, నేను కూర్చుని పుస్తకాలన్నీ మొదటినుంచి పక్కమాటల కోసమే చదివాం.

తనకోసం రాసుకున్నది ఉంది. "కాశీకి 40." తర్వాత కొన్ని పేజీలకు "కాశీకి 100." "కాశీకి మొత్తం 460." అది కొట్టేసి "మోటారు రిపేరు". మళ్లీ మొదలు. "కాశీకి 200." కొట్టివేత. "చిన్నోడి పరీక్ష ఫీజు." మళ్లీ "కాశీకి 500", కొట్టివేత, "అమ్మాయి పురుడు". ఇలా పుస్తకం తర్వాత పుస్తకం. తుపాను ఏడాది పేజీలో "కాశీ" అన్న మాట ఒక్కటే ఉంది, పక్కన అంకె లేదు. తాతయ్య పోయాక ఇక ఆ మాట ఎక్కడా రాలేదు. ఆవిడ కాశీ వెళ్లలేదు. వెళ్లాలని ఉందని మాలో ఎవరికీ చెప్పలేదు.

నాన్న ఆ పేజీలు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మోటారు రిపేరు తనకు గుర్తుందట. డబ్బు ఎక్కడిదని అడగనే లేదట. బాబాయి కూడా ఇక భద్రాచలం మాట ఎత్తడం లేదు. దివిసీమ గారూ, మీరు అడగకపోతే మేం రామనామాలు లెక్కపెట్టుకుని కట్టకట్టేసేవాళ్లం. మీకు రుణపడి ఉంటాం.

పుస్తకాలు ప్రస్తుతానికి ఇంట్లోనే ఉంటాయి. డాలస్ చెల్లీ, ఫొటోలు తీయడం మొదలుపెట్టాం, పంపుతాను. ఈ ఏడు వచ్చిన వడ్ల సంచిలో మామ్మ కొంత ఒలిచి వెళ్లింది. మాకు ఏటిసూతకం కాబట్టి మిగతావి ఎదురింటివాళ్లు తీసుకెళ్లి ఒలుస్తున్నారు. ఆవిడ ఒలిచినవి ముందే వడ్లు పంచిన భక్తసంఘంవాళ్లకు అందాయి, నవమికి వెళ్తాయి. అస్థికలు కోటిలింగాల రేవులో కలిపాం. కొంచెం వేరుగా తీసి ఉంచారు నాన్న. కాశీ తీసుకెళ్తామంటున్నారు. ఎప్పుడు వెళ్లాలి, ఎవరెవరు వెళ్లాలి, ఎక్కడ దిగాలి? పిన్నిగారూ, మీరు చెప్పాలి.

రాజమండ్రి_పిన్ని

అమ్మా, ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. రామనామం రాసుకున్న మనిషి కాశీ కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ పోయేవాళ్ల చెవిలో విశ్వనాథుడు రామతారకం చెబుతాడని కదా మన నమ్మకం.

సంవత్సరీకాలు అయ్యాక వెళ్లండి. మాఘం వెళ్లాక అయితే చలి కాస్త తగ్గుతుంది, అయినా తెల్లవారుజామున గంగ ఒడ్డున స్వెట్టరు, శాలువా ఉండాలి. శివరాత్రి రోజులు తప్పించుకోండి, అడుగు పెట్టలేరు. దిగడానికి మానససరోవర్ ఘాట్ దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం ఉంది. మన భోజనం దొరుకుతుంది, ముందుగా రాసి గది అడగాలి. పిండప్రదానం మీ నాన్నగారు, బాబాయిగారు చేయాలి కాబట్టి వాళ్లు తప్పదు. మీ అమ్మను, అత్తయ్యను ఇంట్లో వదిలి వెళ్లొద్దు. గేదెలు, పాలు అని వంక చెబుతారు. ఆ పదిరోజులు పాడిని చూసుకోవడానికి ఇప్పుడే మనిషిని మాట్లాడిపెట్టుకోండి. టికెట్లు తీసేటప్పుడు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింది బెర్తులు అడగడం మర్చిపోవద్దు.

దివిసీమ_అమ్మాయి

అక్కా, ఆ "కాశీకి 40" పేజీ ఫొటో, మీ ఇంట్లో అందరికీ ఇష్టమైతేనే, నాకు పంపుతారా? మా నాయనమ్మ పేరున కూడా అక్కడ పిండం పెట్టించమని మీ నాన్నగారిని అడగొచ్చా? గోత్రం, పేరు మెసేజ్‌లో పెడతాను. అయ్యే ఖర్చు నేను పంపుతాను.

కోనసీమ_అరుగు

తప్పకుండా. నాన్న సరే అన్నారు. ఖర్చు మాట ఎత్తొద్దన్నారు. పేరు, గోత్రం, తిథి మూడూ పెట్టండి. ఇంకెవరైనా పేర్లు ఇవ్వదలిస్తే ఇక్కడే రాయండి, అన్నీ ఒక కాగితం మీద రాసుకుంటున్నాను.